నల్లగొండ మీదుగా గన్నవరం: సిమ్యులేటర్‌లో ఫ్లైట్ ప్లాన్‌ను వాతావరణ యాడ్-ఆన్‌తో జతపరిచే పద్ధతి

శంషాబాద్ విమానాశ్రయం నుంచి గన్నవరానికి పటం మీద సూటిగా గీత గీస్తే, ఆ గీత నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా పోతుంది. దూరం సుమారు 142 నాటికల్ మైళ్లు, అంటే 263 కిలోమీటర్లు. సెస్నా 172 లాంటి చిన్న విమానంతోనైనా, ఏటీఆర్ 72తోనైనా ఒక సాయంత్రంలో పూర్తి చేయగల దారి ఇది. ఫ్లైట్ సిమ్యులేటర్ మీద శ్రద్ధగా పనిచేయాలనుకునే దక్షిణ తెలంగాణ యువతీయువకులకు ఇంతకన్నా మంచి అభ్యాస మార్గం లేదని నా అభిప్రాయం. కింద కనిపించే ఊళ్లు, చెరువులు, గుట్టలు మనకు తెలిసినవే. ఏ నెలలో ఏ దిక్కు నుంచి గాలి వీస్తుందో చిన్నప్పటి నుంచి ఒంటికి తెలిసిన విషయమే. అందువల్ల సిమ్యులేటర్ చూపించే వాతావరణం సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి మన అనుభవమే ఒక కొలబద్ద అవుతుంది. ఫ్లైట్ ప్లాన్‌ను వాతావరణ యాడ్-ఆన్‌తో (సిమ్యులేటర్‌లోకి వాతావరణాన్ని పంపే అదనపు ప్రోగ్రాముతో) ఎలా కలపాలో, కలిసిందని ఎలా నిర్ధారించుకోవాలో ఈ దారినే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

రెండు ప్రోగ్రాములు, ఒకే గంట

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. వాతావరణ యాడ్-ఆన్‌కు ఫ్లైట్ ప్లాన్ ఇస్తే తప్ప వాతావరణం రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆక్టివ్ స్కై వంటి ప్రోగ్రాములు విమానం ఎక్కడ ఉంటే అక్కడి వాతావరణాన్ని, ప్లాన్ ఉన్నా లేకున్నా, సిమ్యులేటర్‌లోకి పంపుతూనే ఉంటాయి. మరి ప్లాన్ ఇవ్వడం దేనికంటే, ఇంకా పోని దారిని ముందుగా లెక్కగట్టడానికి. ప్లాన్ చేతికి అందినప్పుడే యాడ్-ఆన్ దారిలోని ప్రతి వేపాయింట్ (దారిని సూచించే గుర్తు బిందువు) దగ్గర, మీరు అక్కడికి చేరే సమయానికి, మీరు ఎగిరే ఎత్తులో గాలి ఎంత, ఉష్ణోగ్రత ఎంత అని చెప్పగలదు. గమ్యస్థానం, ప్రత్యామ్నాయ విమానాశ్రయాల నివేదికలను ఒకచోట కూర్చగలదు. విమానంలో దారిని లెక్కగట్టే ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌కు కావలసిన గాలుల ఫైలును తయారు చేయగలదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ప్లాన్ తయారుచేసే ప్రోగ్రాముకు ఒక గడియారం ఉంటుంది, వాతావరణ యాడ్-ఆన్‌కు మరొకటి, సిమ్యులేటర్‌కు ఇంకొకటి. ఈ మూడూ ఒకే గంటను చూపకపోతే, ఒక్కొక్క ప్రోగ్రాము విడివిడిగా సరిగ్గానే పనిచేస్తున్నా, మొత్తం ఫలితం తప్పుతుంది. ఉదయం పది గంటలకు చేసిన ప్లాన్‌తో రాత్రి తొమ్మిదికి ఎగిరితే, కాగితం మీది గాలి వేరు, ఆకాశంలోని గాలి వేరు. ప్లాన్‌నూ వాతావరణాన్నీ జతపరచడం అంటే అన్నిటికన్నా ముందు ఈ మూడు గడియారాలనూ ఒకే గంటకు తేవడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

విమానయానంలో సమయమంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. మధ్యాహ్నం 2:30కి బయలుదేరాలంటే ప్లాన్‌లో 0900 అని రాయాలి; 1430 అని రాస్తే రాత్రి ఎనిమిది గంటల వాతావరణానికి ప్లాన్ సిద్ధమవుతుంది. నేరుగా ప్రత్యక్ష వాతావరణంలో ఎగరదలచుకున్నవారు బయలుదేరడానికి ఒకటి రెండు గంటల ముందే ప్లాన్ చేసుకోవాలి, ఆలస్యమైతే మళ్లీ చేసుకోవాలి. సిమ్యులేటర్ గడియారాన్ని జరిపినంత మాత్రాన ప్రత్యక్ష వాతావరణం ఆ సమయానికి మారిపోదని కూడా గుర్తుంచుకోవాలి. రాత్రి కూర్చుని పగటి వెలుతురులో ఎగిరితే వెలుతురు పగటిదే అవుతుంది కానీ గాలి, ఉష్ణోగ్రత రాత్రివే. పగటి ఎండా పగటి గాలీ రెండూ కావాలంటే యాడ్-ఆన్‌లోని గత తేదీల వాతావరణ పద్ధతిని ఎంచుకుని, సిమ్యులేటర్ తేదీనీ సమయాన్నీ దానికి సరిపెట్టాలి. అలా చేసినప్పుడు ప్లాన్‌లోని గాలులను నమ్మకుండా, యాడ్-ఆన్ తయారుచేసిన బ్రీఫింగ్‌లోని (దారి వాతావరణ సారాంశంలోని) గాలులనే విమానంలో చేత్తో నింపుకోవడం ఉత్తమం.

ముందు వాతావరణం, తరువాత దారి

చాలామంది దారి గీసుకుని, ఇంధనం నింపుకుని, ఆఖరున వాతావరణం చూస్తారు. ఈ వరుస తిరగబడాలి. రన్‌వేను గాలి నిర్ణయిస్తుంది. రన్‌వేను బట్టి బయలుదేరే మార్గం, దిగే మార్గం మారతాయి. ఎత్తును పైగాలులు నిర్ణయిస్తాయి. ఇవన్నీ తేలిన తరువాతే ఇంధనం లెక్క.

కాబట్టి మొదట మెటార్, అంటే విమానాశ్రయం ఇచ్చే తాజా వాతావరణ నివేదిక, చదవాలి. శంషాబాద్ ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) గుర్తు వీఓహెచ్‌ఎస్, గన్నవరానిది వీఓబీజెడ్. వానకాలపు మధ్యాహ్నం ఒకదానికి సరిపోయేలా ఉదాహరణ కోసం కూర్చిన మెటార్ ఇది: వీఓహెచ్‌ఎస్ 150900జెడ్ 26014కేటీ 5000 ఎస్‌సీటీ020 బీకేఎన్100 30/23 క్యూ1005. మొదటి రెండు అంకెలు తేదీ, తరువాతి నాలుగు యూటీసీ సమయం. గాలి 260 డిగ్రీల నుంచి 14 నాట్ల వేగంతో వీస్తోంది (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). చూపు 5,000 మీటర్లు. నేల నుంచి 2,000 అడుగుల ఎత్తులో చెదురుగా, 10,000 అడుగుల ఎత్తులో దట్టంగా మబ్బులు ఉన్నాయి. ఉష్ణోగ్రత 30, మంచుబిందు ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. క్యూఎన్‌హెచ్, అంటే సముద్ర మట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం, 1005 హెక్టాపాస్కల్. మెటార్‌లోని గాలి దిశను నిజ ఉత్తరం నుంచి కొలుస్తారు, రన్‌వే సంఖ్యను అయస్కాంత ఉత్తరం నుంచి. కొన్ని దేశాలలో ఈ రెంటి మధ్య తేడా పది డిగ్రీలు దాటుతుంది కానీ, మన ప్రాంతంలో అది ఒక డిగ్రీ అటూ ఇటూగానే ఉంటుంది కనుక దాని గురించి కలత పడనక్కరలేదు.

శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి: 09, 27 (అంటే 90, 270 డిగ్రీల దిశలు). పై గాలికి 27 వైపు ఎగరడమే సరైనది. గన్నవరంలో 08, 26 ఉన్నాయి, అక్కడా పడమటి గాలే ఉంటే 26. అంటే నైరుతి రుతుపవనాల కాలంలో ఈ దారిలో పడమరకు ఎగిరి, తిరిగి తూర్పుకు మళ్లి, గన్నవరం దాటి వెళ్లి, మళ్లీ పడమర ముఖంగా దిగవలసి వస్తుంది. సూటి దూరం కన్నా కొన్ని మైళ్లు ఎక్కువ ఎగరాలన్నమాట. 142 నాటికల్ మైళ్ల చిన్న దారిలో ఆ అదనపు మైళ్లు ఇంధనం లెక్కలో బాగానే కనిపిస్తాయి.

ఇక గాలి ఏం చేస్తుందో చూద్దాం. జూలైలో మన ప్రాంతం మీద ఐదువేల అడుగుల దగ్గర పడమటి గాలి బలంగా ఉంటుంది. 30 నాట్లు అసాధారణం కాదు. సెస్నా 172 వాస్తవ వాయువేగం (చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం) 110 నాట్లు అనుకుంటే, శంషాబాద్ నుంచి గన్నవరానికి 5,500 అడుగుల ఎత్తులో నేల వేగం 140 నాట్లు అవుతుంది, ప్రయాణం గంట సేపు. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై నేల వేగం 80 నాట్లకు పడిపోతుంది, ప్రయాణం గంటా నలభై ఆరు నిమిషాలు. ఒకే దారి, ఒకే విమానం, ఒకే రోజు. తేడా ముప్పావు గంట. గంటకు ఎనిమిది తొమ్మిది గ్యాలన్లు తాగే ఇంజిన్‌కు ఆ ముప్పావు గంట అంటే ఆరు ఏడు గ్యాలన్ల ఇంధనం. పోయేటప్పటి ఖర్చునే రెట్టింపు చేసి ఇంధనం నింపుకున్నవారు మిర్యాలగూడ దాటకముందే గేజీల వైపు చూడవలసి వస్తుంది.

పెద్ద విమానాలకు మరో ఆసక్తికరమైన విషయం ఉంది. వానకాలంలో కింద పడమటి గాలి వీస్తుండగా, చాలా పైన సరిగ్గా దానికి ఎదురుగా తూర్పు గాలి వీస్తుంది. దక్షిణ భారతం మీదుగా సాగే ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950ల దశకంలో శాస్త్ర ప్రపంచానికి వివరించినది భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. దాని అసలు బలం 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, దాని ప్రభావం జెట్ విమానాలు ఎగిరే ఎత్తుల దాకా అందుతుంది. అందుచేత జూలైలో శంషాబాద్ నుంచి ముంబయికి పోయే జెట్‌కు కింద ఎదురుగాలి, పైన తోడుగాలి ఉంటాయి. ఎంత పైకి పోతే అంత మేలు. చలికాలంలో ఢిల్లీ దారి పట్టినవారికి ఇంకో అనుభవం. ఉత్తర భారతం మీద పడమటి జెట్ ప్రవాహం తరచుగా వంద నాట్లు దాటుతుంది. 450 నాట్ల వాస్తవ వాయువేగంతో ఉత్తరానికి పోతుండగా 100 నాట్ల గాలి సరిగ్గా ఎడమ పక్క నుంచి అడ్డంగా కొడితే, విమానం ముక్కును దాదాపు 13 డిగ్రీలు గాలి వైపు తిప్పి పట్టుకోవాలి, నేల వేగంలో కూడా పదకొండు నాట్లు పోతాయి. సరైన పైగాలులను అందించే యాడ్-ఆన్ ఉంటే ఇవన్నీ తెరమీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఇంతమంది ఇంత శ్రమపడి వాతావరణాన్ని సిమ్యులేటర్‌లోకి తెచ్చుకోవడానికి ఈ ఆనందమే కారణమని నా నమ్మకం.

ఎత్తు ఎంచుకునేటప్పుడు దిశ నియమాన్ని మరవకూడదు. వేల అడుగులలో లెక్కిస్తే, అయస్కాంత మార్గం 0 నుంచి 179 డిగ్రీల మధ్య ఉంటే బేసి ఎత్తులు, 180 నుంచి 359 మధ్య ఉంటే సరి ఎత్తులు. గన్నవరం దారి సుమారు 107 డిగ్రీలు కనుక ఏటీఆర్‌కు 170 ఫ్లైట్ లెవెల్ (అంటే 17,000 అడుగులు) సరిపోతుంది, తిరుగు ప్రయాణానికి 160 లేదా 180. కంటిచూపు మీద ఎగిరే సెస్నాకు వీటికి 500 కలిపి, పోయేటప్పుడు 5,500, వచ్చేటప్పుడు 4,500 అడుగులు. బెంగళూరుకు పోయే దారి నాగర్‌కర్నూల్ మీదుగా, కృష్ణ దాటి, ఓర్వకల్లు సమీపంగా సాగుతుంది. దాని మార్గం సుమారు 190 డిగ్రీలు కాబట్టి అక్కడ సరి ఎత్తులే.

ఎండాకాలంలో గాలి కన్నా వేడి ముఖ్యం. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. రోహిణి కార్తెలో 42 డిగ్రీల వేడి, 1004 క్యూఎన్‌హెచ్ ఉన్న మధ్యాహ్నం అక్కడి గాలి సాంద్రత సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉండే గాలికి సమానం. నిండు బరువుతో ఉన్న సెస్నా ఆ ఎండలో ఎంత మెల్లగా పైకి లేస్తుందో చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు. యాడ్-ఆన్ నుంచి ఉష్ణోగ్రత సరిగా రాకపోతే ఆ పాఠం దొరకదు. అందుకే గాలితో పాటు ఉష్ణోగ్రతను కూడా మెటార్‌తో పోల్చి చూసుకోవాలి.

ప్లాన్ తయారీ

సిమ్‌బ్రీఫ్ ఉచితంగా దొరికే సాధనం. అందులో బయలుదేరే చోటు, చేరే చోటు, విమానం రకం, యూటీసీ సమయం, ఎత్తు ఇస్తే, ఆ సమయానికి అంచనా వేసిన పైగాలులతో ఇంధనం లెక్కగట్టి పూర్తి ప్లాన్ ఇస్తుంది. పటం మీద చేత్తో దారి గీసుకోవాలనుకునేవారికి లిటిల్ నావ్‌మ్యాప్ ఉంది, అదీ ఉచితమే. చిన్న విమానాలతో కంటిచూపు మీద ఎగిరేవారికి రెండోదే నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే దేవరకొండనో సూర్యాపేటనో పటం మీద నొక్కి సొంత వేపాయింట్ పెట్టుకోవచ్చు.

ప్రత్యామ్నాయ విమానాశ్రయాన్ని తప్పకుండా నింపాలి. గన్నవరానికి రాజమహేంద్రవరం గానీ, వెనక్కి శంషాబాద్ గానీ పెట్టుకోవచ్చు. ఈ గడిని ఖాళీగా వదిలేస్తే ఆ విమానాశ్రయపు మెటార్‌ను యాడ్-ఆన్ బ్రీఫింగ్‌లో చూపదు, మీకు అది అవసరమయ్యేది సరిగ్గా తీరిక లేని సమయంలో.

ఎగుమతి చేసేటప్పుడు ఏ సిమ్యులేటర్‌కు ఏ రకం ఫైలో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లు, ప్రీపార్‌డ్ (Prepar3D) కుటుంబం పీఎల్‌ఎన్ అనే రకాన్ని చదువుతాయి. ఎక్స్-ప్లేన్ ఎఫ్ఎంఎస్ రకాన్ని చదువుతుంది. దానిని అవుట్‌పుట్ ఫోల్డర్‌లోని ఎఫ్ఎంఎస్ ప్లాన్స్ అనే చోట ఉంచాలి. పీఎల్‌ఎన్ ఫైలు నిజానికి మామూలు అక్షరాల ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రయాణపు ఎత్తు, వేపాయింట్ల పేర్లు, అక్షాంశ రేఖాంశాలు కంటికి కనిపిస్తాయి. ఏదైనా అనుమానం వచ్చినప్పుడు అలా తెరిచి ఎత్తు గడిలో సరైన అంకె ఉందో లేదో చూడటం మంచి అలవాటు. ఆ అంకె తప్పితే యాడ్-ఆన్ వేరే ఎత్తులోని గాలిని లెక్కగడుతుంది.

నావిగేషన్ సమాచారం వయసు కూడా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా ఈ సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. సిమ్‌బ్రీఫ్‌ను ఉచితంగా వాడేవారికి పాత సంచిక దొరుకుతుంది, సిమ్యులేటర్‌లో మరో సంచిక ఉండవచ్చు. ఒకదానిలో ఉన్న వేపాయింట్ మరొకదానిలో లేకపోతే దారి అక్కడ తెగిపోతుంది. పాత సిమ్యులేటర్లు వాడేవారికి ఇది ఇంకా పెద్ద సమస్య. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006లో వచ్చింది, శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. అందువల్ల ఆ సిమ్యులేటర్‌లో విడిగా సీనరీ చేర్చుకోకపోతే శంషాబాద్ ఉండదు, బేగంపేటే ఉంటుంది. దాని గుర్తు వీఓహెచ్‌వై. ప్లాన్‌లో వీఓహెచ్‌ఎస్ అని ఉంటే ఫైలు తెరుచుకోదు. 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయాన్ని ప్రత్యామ్నాయంగా పెట్టుకునేవారు కూడా అది తమ సిమ్యులేటర్‌లో ఉందో లేదో ముందే వెతికి చూసుకోవాలి.

యాడ్-ఆన్‌కు ప్లాన్ అందించడం

వరుస ఇలా ఉండాలి. మొదట వాతావరణ యాడ్-ఆన్‌ను తెరిచి, అది తాజా నివేదికలను దించుకునేదాకా ఆగాలి. తరువాత సిమ్యులేటర్‌ను తెరిచి, విమానాన్ని బయలుదేరే చోట నిలిపి, అదే పీఎల్‌ఎన్ ఫైలును సిమ్యులేటర్‌లో తెరవాలి. ఆ తరువాతే యాడ్-ఆన్‌లోని ఫ్లైట్ ప్లాన్ పేజీకి పోయి, సిమ్‌బ్రీఫ్ ఖాతా గుర్తు ద్వారా గానీ, ఫైలు ద్వారా గానీ ప్లాన్‌ను ఎక్కించాలి. ప్లాన్‌ను ఒకే చోట నుంచి తీసుకోవాలి: సిమ్యులేటర్‌లో ఫైలు ద్వారా, యాడ్-ఆన్‌లో ఖాతా ద్వారా తీసుకుంటూ మధ్యలో సిమ్‌బ్రీఫ్‌లో ప్లాన్‌ను మార్చితే, రెండు చోట్లా రెండు వేర్వేరు ప్లాన్‌లు ఉండిపోతాయి.

ప్లాన్ ఎక్కగానే యాడ్-ఆన్ ప్రయాణపు ఎత్తును, వాస్తవ వాయువేగాన్ని అడుగుతుంది, లేదా ఏదో ఒక అంకెను తనే ఊహించుకుంటుంది. ఈ రెండు గడులను తప్పక సరిచూడాలి. ఏటీఆర్ వేగం 270 నాట్లు అయితే అక్కడ 450 అని ఉండకూడదు. ఉంటే ప్రతి వేపాయింట్ దగ్గరి సమయమూ తప్పుతుంది, దానితో పాటు గాలి కూడా. ఆ తరువాత బ్రీఫింగ్ చదివి, అందులోని పైగాలులను సిమ్‌బ్రీఫ్ ప్లాన్‌లోని గాలులతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. రెండూ వేర్వేరు మూలాల నుంచి రావచ్చు కనుక అచ్చంగా ఒకటే ఉండవు. దిశలో ఇరవై డిగ్రీలు, వేగంలో పది నాట్ల తేడా మామూలే. దిశ తలకిందులై కనిపిస్తే మాత్రం, నూటికి తొంభై పాళ్లు సమయం గానీ ఎత్తు గానీ తప్పు ఇచ్చినట్టే, మళ్లీ మొదటికి పోయి చూడాలి.

గాలుల ఫైలు తీసుకోగల విమానాలకు యాడ్-ఆన్ నుంచి ఆ ఫైలును ఎగుమతి చేసి, కాక్‌పిట్‌లోని కంప్యూటర్‌లో పిలిపించుకోవాలి. ఫెనిక్స్ ఏ320 వంటివి సిమ్‌బ్రీఫ్ నుంచే దారినీ గాలులనూ తెచ్చుకుంటాయి. ఏ దారిన తెచ్చుకున్నా ఒక్క మూలం నుంచే తెచ్చుకోవాలి. ఈ గాలులు కంప్యూటర్‌లో లేకపోతే అది నిశ్చలమైన గాలి అనుకుని దిగడం మొదలుపెట్టే చోటును లెక్కగడుతుంది, తోడుగాలి ఉన్న రోజున విమానం ఎత్తులోనే ఉండిపోతుంది.

సిమ్యులేటర్‌ను బట్టి కొన్ని తేడాలున్నాయి. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, ప్రీపార్‌డ్‌లలో, దాచుకున్న పాత ఫ్లైట్‌ను తెరిస్తే దానితో పాటు దాచిన పాత వాతావరణ ఫైలు కూడా వచ్చి కూర్చుంటుంది. తెరిచిన తరువాత యాడ్-ఆన్ నుంచి వాతావరణాన్ని మళ్లీ పంపించాలి. సిమ్యులేటర్ సొంత వాతావరణమూ యాడ్-ఆన్ వాతావరణమూ ఒకేసారి నడవకూడదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ప్రత్యక్ష వాతావరణం మీటియోబ్లూ సంస్థ నుంచి వస్తుంది. అందులోకి బయటి యాడ్-ఆన్‌లు ఒక ప్రీసెట్ (ముందే కూర్చిన వాతావరణ అమరిక) రూపంలో వాతావరణాన్ని పంపుతాయి, ఆ ప్రీసెట్ మీ చుట్టూ ఉన్న ఆకాశమంతటికీ ఒకటే. అంటే మిర్యాలగూడ మీద నిర్మలంగా ఉండి గన్నవరం మీద మబ్బు కమ్మిన దృశ్యాన్ని దూరం నుంచే చూడాలనుకుంటే సొంత ప్రత్యక్ష వాతావరణమే మేలు. మెటార్‌కు కచ్చితంగా సరిపోయే గాలి, పీడనం కావాలంటే యాడ్-ఆన్ మేలు. ఎక్స్-ప్లేన్ 12 అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా వారి అంచనా నమూనాను, మెటార్‌లను కలిపి వాడుకుంటుంది. దానికి విడిగా యాడ్-ఆన్ కొనేముందు, ఉన్నదానితో కొన్నాళ్లు ఎగిరి చూడమని నా సలహా.

మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే ఇళ్లలో నెట్ మధ్యలో తెగడం మామూలే. మెటార్‌లు కొద్దిపాటి అక్షరాలే కనుక వాటికి డేటా పెద్దగా ఖర్చు కాదు. ఇలాంటి యాడ్-ఆన్‌లు సాధారణంగా చివరిగా దించుకున్న వాతావరణంతోనే కొనసాగుతాయి కాబట్టి, బయలుదేరేముందు ఒకసారి పూర్తిగా దించుకుని ఉంటే గంటసేపటి ప్రయాణానికి ఇబ్బంది ఉండదు.

ఎగురుతున్నప్పుడు

రన్‌వే మీదికి పోకముందే మూడు అంకెలు సరిచూడండి: ఏటిస్‌లో (విమానాశ్రయం రికార్డు చేసి వినిపించే రేడియో సమాచారంలో) వినిపించిన గాలి, ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటరు) పీడనం, బయటి ఉష్ణోగ్రత. మూడూ యాడ్-ఆన్‌లోని మెటార్‌తో సరిపోవాలి. క్యూఎన్‌హెచ్ పెట్టిన వెంటనే ఆల్టీమీటర్ శంషాబాద్‌లో 2,000 అడుగుల పైచిలుకు చూపాలి. 1003 ఉన్న రోజున 1013 మీదే వదిలేస్తే, మీటరు చూపే ఎత్తు కన్నా విమానం 280 అడుగుల వరకు కిందికి ఉంటుంది. పీడనాన్ని పాదరస అంగుళాల్లో చూపే విమానాలు ఉంటాయి కనుక, 1005 హెక్టాపాస్కల్ అంటే 29.68 అంగుళాలని పక్కన రాసుకోవడం మంచిది.

పైకి పోయి సమతలంగా ఎగరడం మొదలైన తరువాత, తెరమీద కనిపించే గాలిని నల్లగొండ దాటే సమయానికి ప్లాన్‌లోని గాలితో పోల్చండి. యాడ్-ఆన్ కొన్ని నిమిషాలకోసారి కొత్త నివేదికలు తెచ్చుకుంటుంది. ఆ మార్పు ఒక్కసారిగా వస్తే వేగం అమాంతం పెరిగి హెచ్చరిక మోగవచ్చు. గాలి మార్పును నెమ్మదింపజేసే అమరికను మధ్యస్థంగా ఉంచాలి. మరీ ఎక్కువ పెడితే నిజమైన మార్పు కూడా ఆలస్యంగా అందుతుంది. సమయాన్ని వేగంగా నడిపే అలవాటున్నవారు దానిని రెండింతలకు మించనివ్వకూడదు, ఎందుకంటే వాతావరణం విమానానికి వెనకబడుతుంది.

దిగడానికి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలన్నది లెక్క. గన్నవరం దాదాపు సముద్ర మట్టానికే ఉంది కనుక 17,000 అడుగుల నుంచి 51 మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలి. ప్రతి 10 నాట్ల తోడుగాలికి ఒకటి రెండు మైళ్లు కలపాలి. దిగేముందు గమ్యస్థానపు కొత్త మెటార్ చూసి, రన్‌వే మారితే కంప్యూటర్‌లో దిగే మార్గాన్ని మార్చాలి. ప్లాన్‌లో రాసిన రన్‌వే రెండు గంటల కిందటి అంచనా మాత్రమే.

ఉరుముల కాలం

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మీద ఉరుముల మబ్బులు ఉన్నట్టుండి లేస్తాయి. వాటి శిఖరాలు 40,000 అడుగులు దాటగలవు. ఏటీఆర్ పైకి పోగలిగేది 25,000 అడుగులే. పైనుంచి దాటే ప్రశ్నే లేదు, పక్కకు తొలగవలసిందే. అయితే ఒక పరిమితిని గ్రహించాలి. మెటార్ విమానాశ్రయాల నుంచి వస్తుంది. శంషాబాద్‌కూ గన్నవరానికీ నడుమ ఈ దారి మీద మెటార్ ఇచ్చే విమానాశ్రయం లేదు. కాబట్టి మెటార్ మీద ఆధారపడే యాడ్-ఆన్ ఈ మధ్య భాగాన్ని రెండు చివరల మధ్య అంచనాగా నింపుతుంది. దేవరకొండ మీద నిజంగా వడగండ్ల వాన పడుతున్నా మీ తెరమీద ఆకాశం తెరిపిగా ఉండవచ్చు, దానికి తిరగబడి కూడా జరగవచ్చు. వాతావరణ శాఖ హైదరాబాద్ రాడార్ చిత్రాన్ని పక్కన తెరిచి పెట్టుకుంటే, ఎక్కడ మబ్బు ఉండాలో ముందే తెలిసి, తెరమీది ఆకాశాన్ని దానితో పోల్చుకోవచ్చు.

దారి మార్చవలసి వస్తే రెండు సొంత వేపాయింట్లు ముందే సిద్ధంగా ఉంచుకోండి: దక్షిణానికి తొలగడానికి దేవరకొండ, 16 డిగ్రీల 42 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 56 నిమిషాల తూర్పు రేఖాంశం, ఉత్తరానికి తొలగడానికి సూర్యాపేట, 17 డిగ్రీల 8 నిమిషాలు, 79 డిగ్రీల 37 నిమిషాలు. మబ్బు నుంచి కనీసం 20 మైళ్ల ఎడం ఉండాలి, గాలి మబ్బును ఏ వైపు తోస్తుందో దానికి ఎదురు వైపు నుంచి పోవాలి. మార్చిన ప్లాన్‌ను విమానం కంప్యూటర్‌లో మార్చి ఊరుకోకుండా, వ్యవధి ఉంటే యాడ్-ఆన్‌కు కూడా మళ్లీ ఇవ్వాలి. ఈ తొలగడానికి కావలసిన ఇంధనాన్ని ఎండాకాలపు ప్లాన్‌లో అదనంగా పదిహేను ఇరవై నిమిషాలకు సరిపడా ముందే రాసుకోవాలి.

వాట్‌సిమ్ వంటి, సిమ్యులేటర్ పైలట్లూ కంట్రోలర్లూ కలిసే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో ఎగిరేవారు ప్రత్యక్ష వాతావరణాన్నే వాడాలి. కంట్రోలర్ నిజమైన మెటార్ చూసి రన్‌వే ఇస్తారు; మీ తెరమీద మాత్రం గత నెల గాలి ఉంటే ఇద్దరికీ పొంతన కుదరదు.

దిగి ఇంజిన్లు ఆపిన తరువాత ప్లాన్‌లోని ఇంధనాన్ని, సమయాన్ని మీకు నిజంగా అయిన వాటి పక్కన రాసుకోండి. ఇదే దారిని వేర్వేరు గాలులలో ఎగిరినప్పుడు ఆ తేడా ప్రతిసారీ ఒకే వైపు వస్తుంటే, సిమ్‌బ్రీఫ్‌లో ఆ విమానానికి ఇచ్చిన ఇంధన గుణకాన్ని (ఇంధన అంచనాను పెంచే, తగ్గించే అంకెను) సవరించాలి. తోడుగాలి రోజున ఒక వైపు, ఎదురుగాలి రోజున మరో వైపు వస్తుంటే, విమానంలో లోపం లేదు. ప్లాన్ లెక్కగట్టిన గాలీ యాడ్-ఆన్ పంపిన గాలీ ఒకే గంటవి కావు. అప్పుడు బయలుదేరే సమయాన్ని, ఎత్తును, యాడ్-ఆన్‌లోని వేగం గడిని ఈ వరుసలోనే తిరిగి చూడండి.